శిలీంధ్రం కాని 'శిలీంధ్రాలు': నీటిబూజుల జీవశాస్త్రం, తెగుళ్ళ నిర్ధారణ

వర్షాలు ముమ్మరించే ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో పసుపు చేలలో దుంపకుళ్ళు తెగులు కనిపిస్తుంది. ఆకుల అంచులు పాలిపోయి ఎండుతాయి. కాండం మొదలు నీటిలో నానినట్లు మెత్తబడుతుంది. మొక్కను పట్టి లాగితే తేలికగా ఊడివస్తుంది. దుంపను నొక్కితే దుర్వాసనతో కూడిన గుజ్జు బయటపడుతుంది. ఈ దశలో రైతు మందుల దుకాణానికి వెళితే అనేక సందర్భాలలో అతని చేతికి వచ్చేది కార్బెండజిమ్ పొట్లం. పొట్లం మీద 'శిలీంధ్రనాశిని' అని ఉంటుంది. తెగులు గురించిన కరపత్రంలో 'శిలీంధ్రం వల్ల కలుగుతుంది' అని ఉంటుంది. రెండు మాటలూ సరిపోయాయి కనుక మందు మొక్కల మొదళ్ళలో పోస్తారు. వారం గడిచినా కుళ్ళు ఆగదు. మందు కల్తీదని రైతు, మోతాదు తగ్గిందని దుకాణదారు వాదించుకుంటారు. వాస్తవానికి మందులోనూ మోతాదులోనూ లోపం ఉండకపోవచ్చు. దుంపను కుళ్ళబెడుతున్న పిథియం జీవశాస్త్రరీత్యా శిలీంధ్రం కాదు. కార్బెండజిమ్ పట్టుకొని పనిచేయవలసిన కణభాగం దానిలో వేరుగా ఉంటుంది.

పిథియం, ఫైటాఫ్తోరా, బూజు తెగుళ్ళను కలిగించే స్క్లెరోస్పోరా, ప్లాస్మోపారా మొదలైనవి ఊమైసీటులు అనే సమూహానికి చెందుతాయి. వీటినే నీటిబూజులు అని కూడా అంటారు. ఇవి శిలీంధ్రాలకు సుదూరమైనవని జీవశాస్త్రజ్ఞులు అంగీకరించి దశాబ్దాలు గడిచాయి. పాఠ్యపుస్తకాలలోని వర్గీకరణ అధ్యాయం ఈ విషయాన్ని చెబుతుంది. అదే పుస్తకంలోని తెగుళ్ళ అధ్యాయం మాత్రం పాత అలవాటునే కొనసాగిస్తుంది. ఈ రెండు అధ్యాయాలకు మధ్యనున్న ఖాళీ ఖరీదు పొలంలో రైతే చెల్లిస్తున్నాడు.

రెండు వంశాలు, ఒకే రూపం

మొక్కలలోనూ జంతువులలోనూ ఇమడని సూక్ష్మజీవులకు 1866లో హెకెల్ 'ప్రొటిస్టా' అనే ప్రత్యేక రాజ్యాన్ని ప్రతిపాదించాడు. 1969లో విటాకర్ తన ఐదు రాజ్యాల వర్గీకరణలో శిలీంధ్రాలకు స్వతంత్ర రాజ్యాన్ని కల్పించాడు. కిరణజన్య సంయోగక్రియ లేకుండా, దారాల వంటి తంతువులతో పెరుగుతూ, ఎంజైములను వెలుపలికి స్రవించి, కరిగిన ఆహారాన్ని పీల్చుకునే జీవులను ఒక గూటికి చేర్చడం సహజంగానే తోచింది. ఊమైసీటులు ఈ లక్షణాలన్నింటినీ ప్రదర్శిస్తాయి. అయితే 1858 నాటికే జర్మన్ వృక్షశాస్త్రవేత్త ప్రింగ్‌షైమ్ నీటిబూజుల లైంగిక అవయవాలు వౌచీరియా అనే శైవలం అవయవాలను పోలి ఉన్నాయని గమనించాడు. ఆ పరిశీలన విలువ పూర్తిగా తెలియడానికి జన్యుక్రమాల విశ్లేషణ వచ్చేదాకా, అంటే వంద సంవత్సరాలకు పైగా, ఆగవలసి వచ్చింది.

జన్యుక్రమాలు తేల్చిన బంధుత్వం మొదటిసారి వినే విద్యార్థికి వింతగా తోస్తుంది. నిజమైన శిలీంధ్రాలకు దగ్గరి బంధువులు మొక్కలు కావు, జంతువులు. ఊమైసీటులకు దగ్గరి బంధువులు సముద్రపు గోధుమవర్ణ శైవలాలు, డయాటమ్‌లు. వరి అగ్గితెగులు కారకానికీ పసుపు దుంపకుళ్ళు కారకానికీ మధ్యనున్న దూరం, అగ్గితెగులు కారకానికీ దానిని సూక్ష్మదర్శినిలో చూసే మనిషికీ మధ్యనున్న దూరం కంటే ఎక్కువ. తిమింగలం చేపను పోలినట్లే నీటిబూజు శిలీంధ్రాన్ని పోలింది. ఒకే రకమైన జీవనవిధానం రెండు వేర్వేరు వంశాలను ఒకే ఆకృతికి తెచ్చింది. పైగా ఊమైసీటులు మొక్కల కణజాలాన్ని ఛేదించే ఎంజైముల జన్యువులు కొన్నింటిని పూర్వకాలంలో శిలీంధ్రాల నుండే గ్రహించాయని తేలింది. కనుక లక్షణాలను మాత్రమే చూసి మోసపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ తేడాను జీవశాస్త్రజ్ఞుల కంటే ముందుగా ద్రాక్షతోటలు చూపించాయి. ఫ్రాన్సులో పంతొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో బూడిద తెగులు ప్రబలినప్పుడు గంధకం చల్లి దానిని అదుపులోకి తెచ్చారు. 1878లో అమెరికా నుండి బూజు తెగులు ప్రవేశించింది. అదే గంధకాన్ని చల్లితే ఫలితం లేకపోయింది. చివరికి మియార్డే 1885లో మైలుతుత్తం, సున్నం మిశ్రమాన్ని ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. బూడిద తెగులు నిజమైన శిలీంధ్రం వల్ల, బూజు తెగులు ఊమైసీటు వల్ల కలుగుతాయి. తెలుగు రైతు భాషలో 'బూడిద', 'బూజు' అనే రెండు పేర్లు విడివిడిగా ఉండటం ఒక అదృష్టం. ఆకు పైభాగాన పిండి చల్లినట్లున్నదానిని ఒకటిగా, ఆకు అడుగున తేమలో మొలిచే తెల్లని నూగును వేరొకటిగా ఆ పేర్లు పట్టి చూపుతాయి. పలు సందర్భాలలో శాస్త్రపదం కంటే ఈ దేశీయ పదాలే నిర్ధారణకు ఎక్కువ సహాయపడతాయి.

కణంలోని తేడా, మందు ఫలితంలోని తేడా

విస్తరణ శాస్త్రవేత్తకు అత్యంత అవసరమైన భాగం ఇది. వర్గీకరణ పేరు మారినంత మాత్రాన రైతుకు ఒరిగేదేమీ లేదు. కణనిర్మాణం మారినప్పుడు మాత్రం మందు పనితీరు మారుతుంది.

శిలీంధ్రాల కణకవచంలో కైటిన్ ముఖ్యమైన పదార్థం. ఊమైసీటుల కణకవచం ప్రధానంగా బీటా గ్లూకాన్లు, సెల్యులోజ్‌లతో నిర్మితమవుతుంది. డైమెథోమార్ఫ్ వంటి మందులు ఈ సెల్యులోజ్ నిర్మాణాన్ని అడ్డుకుంటాయి. అందుచేత అవి బూజు తెగుళ్ళపై, ఫైటాఫ్తోరాపై పనిచేస్తాయి. బూడిద తెగులుపై పనిచేయవు. కణత్వచం విషయంలో తేడా మరింత స్పష్టం. శిలీంధ్రాలు తమ త్వచానికి కావలసిన ఎర్గోస్టెరాల్‌ను తామే తయారు చేసుకుంటాయి. హెక్సాకొనజోల్, టెబ్యుకొనజోల్, ప్రొపికొనజోల్ మొదలైన ట్రయజోల్ మందులన్నీ ఆ తయారీనే నిలిపివేస్తాయి. పిథియం, ఫైటాఫ్తోరాలు స్టెరాల్‌ను అసలు తయారు చేసుకోవు. సిద్ధబీజాల ఉత్పత్తికి అవసరమైన స్టెరాల్‌ను ఆతిథేయి మొక్క నుండే గ్రహిస్తాయి. లేని కర్మాగారానికి తాళం వేయడం వల్ల ప్రయోజనమేమిటి? ట్రయజోల్ మందును మోతాదు రెట్టింపు చేసి పోసినా నీటిబూజుకు జరిగే నష్టం స్వల్పం.

కార్బెండజిమ్ శిలీంధ్రాల కణవిభజనలో పాల్గొనే ట్యూబులిన్ అనే ప్రోటీనును పట్టుకొని నిలువరిస్తుంది. ఊమైసీటుల ట్యూబులిన్‌తో అది తగినంత బలంగా బంధించదు. ఇక్కడ ఫలితం 'పనిచేయకపోవడం' దగ్గర ఆగదు. నేలలో పిథియంతో పోటీపడే శిలీంధ్రాలు, దానిపై పరాన్నజీవనం సాగించే ట్రైకోడెర్మా, ఇవన్నీ కార్బెండజిమ్‌కు లొంగుతాయి. పోటీదారులు తొలగిపోయిన నేలలో పిథియం నిరాటంకంగా విస్తరిస్తుంది. నైజీరియాలో అలసందపై జరిపి 1975లో ప్రచురించిన ప్రయోగాలలో, ఇదే వర్గానికి చెందిన బెనొమిల్ వాడిన మొక్కలలో పిథియం కాండం కుళ్ళు పెరిగిందని నమోదైంది. ఒకవైపు ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువును సిఫారసు చేసి, మరొకవైపు అదే మడిలో కార్బెండజిమ్ పోయించడం పరస్పర విరుద్ధమైన సలహా. ఇలాంటి సలహాలు ఒకే కరపత్రంలో ఒకదాని కింద ఒకటి ముద్రితం కావడం విచారకరం.

దీనికి విరుద్ధంగా మెటలాక్సిల్ ఊమైసీటులలోని రైబోసోమల్ ఆర్.ఎన్.ఏ. తయారీని అడ్డుకుంటుంది, నిజమైన శిలీంధ్రాలపై దాని ప్రభావం నామమాత్రం. ట్రైకోడెర్మాకు అది పెద్దగా హాని చేయదు. సజ్జలో వెర్రి కంకి తెగులు నివారణకు కిలో విత్తనానికి 6 గ్రాముల మెటలాక్సిల్ 35 శాతం పొడి మందుతో విత్తనశుద్ధి చేయాలన్న సిఫారసు ఈ ప్రత్యేకత మీదనే ఆధారపడింది. 1970వ దశకం ఆరంభంలో సంకర సజ్జ రకాలపై ఈ తెగులు దేశవ్యాప్తంగా విరుచుకుపడినప్పుడు అలాంటి మందు అందుబాటులో లేదు. మెటలాక్సిల్ ఆ దశకం చివరలోనే విపణిలోకి వచ్చింది. వచ్చిన రెండు మూడు సంవత్సరాలకే ఐరోపాలో బంగాళాదుంప ఆకుమాడు తెగులు కారకం దానికి నిరోధకత పెంచుకుంది. కణంలోని ఒకే స్థానంపై పనిచేసే మందులన్నింటికీ ఉన్న బలహీనతే ఇది. ఆనాటి నుండి మెటలాక్సిల్‌ను పైరుపై పిచికారీకి మాంకోజెబ్‌తో కలిపి మాత్రమే వాడవలసిందిగా సూచిస్తున్నారు. 2009-10 ప్రాంతంలో నైరుతి భారతదేశంలో టమాటాపై తీవ్రంగా వ్యాపించిన ఆకుమాడు తెగులుకు ఐరోపా నుండి వచ్చిన 13-ఎ2 అనే ఫైటాఫ్తోరా వంశక్రమం కారణమని, అది మెటలాక్సిల్‌కు నిరోధకత గలదని వెల్లడైంది. సరైన రాజ్యానికి సరైన మందును ఎంచుకున్నా, దానినే పదేపదే వాడితే ఫలితం చేజారుతుంది.

మాంకోజెబ్, రాగి సంబంధిత మందులు కణంలోని అనేక ప్రోటీనులను ఒకేసారి దెబ్బతీస్తాయి కనుక అవి ఇరు రాజ్యాలపై పనిచేస్తాయి. నిర్ధారణకు అవకాశం లేని చోట, తెగులు సోకకముందే రక్షణగా వీటిని వాడటం అర్థవంతమే. అయితే ఇవి మొక్కలోకి ప్రవేశించి వ్యాపించవు. లోపలికి పాకిన తెగులును నయం చేయవు.

గోదావరి డెల్టా చెప్పే పాఠం

ఊమైసీటుల అధ్యయన చరిత్రలో తెలుగు నేలకు ఒక స్థానం ఉంది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్ళి పెద్దసంఖ్యలో చనిపోసాగాయి. పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసిన శిలీంధ్ర శాస్త్రవేత్త ఎడ్విన్ జాన్ బట్లర్ ఈ తెగులును పరిశీలించి, దాని కారకాన్ని 1907లో పిథియం పామివోరమ్ అని నామకరణం చేశాడు. తరువాత 1919లో ఆయనే దానిని ఫైటాఫ్తోరా ప్రజాతికి మార్చాడు. నేడు కోకో కాయకుళ్ళుతో సహా ఉష్ణమండలంలో ఎన్నో పంటలను నాశనం చేస్తూ ప్రపంచమంతటా ఫైటాఫ్తోరా పామివోరాగా ప్రసిద్ధి చెందిన జీవి, శాస్త్రీయంగా నమోదైనది గోదావరి తీరపు తాటిచెట్ల నుండే. తెగులు సోకిన చెట్ల తలలను నరికి కాల్చివేసే కార్యక్రమాన్ని నాటి మద్రాసు ప్రభుత్వం చేపట్టింది. సిద్ధబీజాలు మట్టల మొదళ్ళ మధ్య నిలిచే తడిలో దాగి వర్షంతో వ్యాపిస్తాయని అర్థం చేసుకున్నందువల్లనే ఆ పద్ధతికి ప్రాధాన్యం లభించింది.

అదే డెల్టాలోని కొబ్బరి తోటలలో నేడు రెండు తెగుళ్ళు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది ఫైటాఫ్తోరా వల్ల వచ్చే మొవ్వుకుళ్ళు. దీనిలో ముందుగా నడిమి మొవ్వు ఆకు పాలిపోయి వాలుతుంది. చేతితో లాగితే కుళ్ళువాసనతో ఊడివస్తుంది. రెండవది గానోడెర్మా వల్ల వచ్చే మొదలు కుళ్ళు. దీనిలో కాండం అడుగుభాగాన పగుళ్ళ నుండి ఎర్రని గోధుమరంగు జిగురు కారుతుంది. కింది మట్టలు ముందుగా వేలాడతాయి. చివరిదశలో మొదలు దగ్గర పుట్టగొడుగు జాతికి చెందిన గట్టి పలకలు మొలుస్తాయి. గానోడెర్మా నిజమైన శిలీంధ్రం. ఈ రెండు తెగుళ్ళ స్వభావం దాదాపు ప్రతి అంశంలోనూ తలకిందులుగా ఉంటుంది. మొవ్వుకుళ్ళు తుఫాను వానల తరువాత విజృంభిస్తుంది. గానోడెర్మా తేలిక నేలల్లో, వేసవిలో నీటి ఎద్దడికి గురైన చెట్లను ఎక్కువగా పట్టుకుంటుంది. మొదటిది వానచినుకుల తుంపరలతో తల నుండి తలకు చేరుతుంది. రెండవది వేరు నుండి వేరుకు పాకుతుంది. మొవ్వుకుళ్ళుకు కుళ్ళిన భాగాన్ని తొలగించి బోర్డో పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేవరకు వాన పడకుండా కప్పాలి. చుట్టుపక్కల చెట్ల మొవ్వులపై 1 శాతం బోర్డో మిశ్రమం, అంటే 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పిచికారీ చేయాలి. గానోడెర్మాకు వేసవి తడులు, వేపపిండి, తెగులు చెట్టు చుట్టూ కందకం, హెక్సాకొనజోల్‌ను వేరు ద్వారా అందించడం సూచిస్తారు. హెక్సాకొనజోల్ ఎర్గోస్టెరాల్‌ను నిలిపివేసే మందు కనుక గానోడెర్మాపై దానికి పట్టు ఉంది. అదే మందును మొవ్వుకుళ్ళు చెట్టు వేరుకు కట్టినందువల్ల చెట్టు బతకదు. 'కొబ్బరికి కుళ్ళు తెగులు' అని మాత్రమే రాసుకొని వచ్చిన రైతుకు ఫోనులో మందు చెప్పడం ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈదగల తెగులు

ఊమైసీటుల జీవితచక్రంలో నీటికి ఉన్న స్థానం వాటి వంశం నుండి సంక్రమించినదే. సిద్ధబీజాశయాలు తడిలో పగిలి గమన సిద్ధబీజాలను విడుదల చేస్తాయి. ఒక్కొక్క దానికి రెండు కశాభాలుంటాయి: ముందుకు చాచిన ఈకవంటిది ఒకటి, వెనుకకు చాచిన నున్ననిది ఒకటి. గోధుమవర్ణ శైవలాల గమన కణాలకు కూడా ఇదే అమరిక. మట్టిరేణువుల మధ్యనున్న పలుచని నీటిపొరలో ఇవి ఈదుతూ, వేరు స్రవించే చక్కెరలు, అమైనో ఆమ్లాల జాడను పసిగట్టి వేరుకొన వైపు కదులుతాయి. అక్కడ కశాభాలను విడిచి, గుండ్రని కోశంగా మారి, వేరులోకి మొలకెత్తుతాయి. అనుకూల పరిస్థితులలో ఈ తతంగమంతా గంటల వ్యవధిలోనే ముగుస్తుంది. రాత్రి నీరు నిలిచిన పొగాకు నారుమడిలో కొద్దిరోజులకే గుండ్రని మచ్చలుగా నారు పడిపోవడానికి కారణం ఇదే. ప్రతికూల కాలంలో దళసరి గోడలు గల ఊస్పోర్లు నేలలో సంవత్సరాల తరబడి నిద్రాణంగా ఉంటాయి.

నిజమైన శిలీంధ్రాలలో ఈదే సిద్ధబీజాలు లేకపోలేదు. కైట్రిడ్లు, వాటి బంధువులు వెనుక ఒకే కశాభంతో ఈదుతాయి. మొక్కజొన్నలో గోధుమ మచ్చ తెగులును కలిగించే ఫైసోడెర్మా అలాంటిదే. అయితే మన పంటలపై వచ్చే శిలీంధ్రాలలో అత్యధికం గాలి, విత్తనం, మట్టి, కీటకాల ద్వారా వ్యాపిస్తాయి. ఈదే దశ వాటికి లేదు.

కనుక నారుకుళ్ళు, దుంపకుళ్ళు, నిమ్మలో బంక తెగులు, తమలపాకు తోటలో కాండం కుళ్ళు వంటి వాటికి మురుగునీటి పారుదల కేవలం 'సాధారణ జాగ్రత్త' కాదు. వ్యాధికారకం జీవితచక్రంలోని ఒక దశను నేరుగా తెంచే చికిత్స అది. పసుపును ఎత్తైన బోదెలపై నాటడం, నారుమడిని 15 సెంటీమీటర్ల ఎత్తున కట్టడం, విత్తనాన్ని పలుచగా చల్లడం, సాయంకాలపు తడికి బదులు ఉదయపు తడి ఇవ్వడం, నిమ్మ మొదలుకు నీరు తగలకుండా రెండు వలయాల పాదులు చేయడం. వీటిని కరపత్రం చివరి వరుసలో కాక మొదటి వరుసలో రాయవలసి ఉంది. తెగులు మచ్చ కనిపించిన మడి నుండి పక్కమడికి నీరు పారించడం అంటే ఈదే సిద్ధబీజాలను స్వయంగా మోసుకెళ్ళి అప్పగించడమే.

పసుపు విషయంలో ఒక చిక్కు ఉన్నమాట నిజం. పిథియం గాయపరచిన దుంపలోకి ఫ్యుజేరియం చేరుతుంది; దుంపఈగ పిల్లపురుగులు కూడా చేరతాయి. ప్రయోగశాలలో ఆలస్యంగా తీసిన నమూనా నుండి సాధారణ పెంపక యానకంపై మొదట వచ్చేది వేగంగా వ్యాపించే ఫ్యుజేరియం కావచ్చు. దానిని చూసి శిలీంధ్రమే కారణమని రాసిన నివేదిక మళ్ళీ కార్బెండజిమ్ వద్దకే చేరుస్తుంది. కుళ్ళు, ఆరోగ్యకరమైన కండ కలిసే అంచు నుండి, తెగులు తొలిదశలో నమూనా తీయాలన్న నియమం ఇందుకే.

బాపట్ల ఇసుక నేలల మూడవ వంశం

ఊమైసీటులతో కథ ముగియదు. శిలీంధ్రాల పుస్తకాలలో చాలాకాలం చోటు పొందిన మరొక ప్రొటిస్టు పాలిమిక్సా గ్రామినిస్. ఇది శిలీంధ్రమూ కాదు, ఊమైసీటూ కాదు. రైజేరియా అనే మూడవ వంశానికి చెందినది. దీనికి తంతువులు ఉండవు. వేరు కణంలో గోడలేని జీవపదార్థపు ముద్దగా జీవిస్తుంది. దీని గమన సిద్ధబీజం వేరునూగును తాకి కోశంగా మారిన తరువాత, లోపల పెంచుకున్న సూదివంటి నిర్మాణంతో కణకవచాన్ని పొడిచి తన జీవపదార్థాన్ని లోనికి చొప్పిస్తుంది. స్వతహాగా ఇది పెద్దగా హాని చేయదు. కానీ ఇండియన్ పీనట్ క్లంప్ వైరస్‌ను మోస్తుంది. బాపట్ల ప్రాంతపు ఇసుక నేలల్లో వేరుశనగ మొక్కలు ముదురాకుపచ్చ రంగులో, గుబురుగా గిడసబారి, ప్రతి సంవత్సరం ఒకే స్థలంలో మచ్చలు మచ్చలుగా కనిపించడానికి కారణం ఈ జంటే. ఈ వైరస్ రకాలలో ఒకదానికి బాపట్ల పేరే ఉంది.

ఈ తెగులుపై పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు విస్తృతంగా పరిశోధించారు. వైరస్ పాలిమిక్సా విశ్రాంతి సిద్ధబీజాలలో భద్రంగా ఉండి నేలలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పాలిమిక్సాకు అసలైన ఆతిథేయులు జొన్న, సజ్జ, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పంటలు. వేరుశనగ దానికి యాదృచ్ఛికంగా తగిలిన మజిలీ మాత్రమే. అందువల్ల సాధారణంగా మేలు చేసే చిరుధాన్యాల పంటమార్పిడి ఇక్కడ బెడిసికొడుతుంది. జొన్న తరువాత వేసిన వేరుశనగలో తెగులు తగ్గకపోగా పెరగవచ్చు. అయితే అదే స్వభావాన్ని రైతుకు అనుకూలంగా మలచుకోవచ్చు. వేరుశనగకు ముందు సజ్జను చిక్కగా ఎరపంటగా విత్తితే నేలలోని విశ్రాంతి సిద్ధబీజాలు మొలకెత్తి దాని వేర్లలో చేరతాయి. అవి అక్కడ తిరిగి విశ్రాంతి సిద్ధబీజాలను ఏర్పరచకముందే, సుమారు రెండు వారాలలో, సజ్జను దున్నివేయాలి. ఆలస్యం చేస్తే ఎర కాస్తా పెంపకమవుతుంది. ఇక్కడ మందు ఏదీ లేదు. ఉన్నది జీవితచక్రం తెలిసి ఉండటం ఒక్కటే.

ఇక వానల తరువాత నారుమళ్ళపై, పచ్చికపై బూడిదరంగు పొక్కుల్లా కనిపించే జిగురుబూజులు కూడా ప్రొటిస్టులే. ఇవి ఆకుపై కూర్చున్నా కణజాలాన్ని తినవు. నీటితో కడిగితే పోతాయి. వీటికి మందు రాయడం అనవసరం.

గాజుపాత్రలో రెండు రోజులు

నిర్ధారణకు ఖరీదైన పరికరాలు తప్పనిసరి కావు. అనుమానిత మొక్క వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిని గుప్పెడు తీసుకొని గాజుపాత్రలో వేసి, మూడు నాలుగింతల శుభ్రమైన నీరు పోసి, తేరుకున్న తరువాత నిమ్మజాతి లేత ఆకు ముక్కలు, ఉడికించిన గడ్డి పరకల ముక్కలు నీటిపై తేలవేయాలి. ఫైటాఫ్తోరా ప్రధానంగా నిమ్మ ఆకును, పిథియం గడ్డి పరకను ఆశ్రయిస్తాయి. నిజమైన శిలీంధ్రాలలో అత్యధికం ఈదలేవు కనుక ఎరవద్దకు ముందుగా చేరేవి సాధారణంగా నీటిబూజులే. గది ఉష్ణోగ్రత వద్ద రెండు మూడు రోజులలో ఆకు అంచులు నీరు పీల్చినట్లు మారతాయి. ఆ ముక్కను కడిగి కొత్త నీటిలో ఉంచి సూక్ష్మదర్శినిలో చూస్తే, అడ్డుగోడలు లేని వెడల్పైన తంతువులు కనిపిస్తాయి. క్లోర్-జింక్-అయోడిన్ రంజకం వేస్తే సెల్యులోజ్ ఉన్న కణకవచం ఊదారంగుకు తిరుగుతుంది. పెంపక యానకంలో పిమారిసిన్ చేర్చే ఆచారం వెనుకనున్న తర్కం కూడా ఎర్గోస్టెరాలే. ఆ యాంటీబయోటిక్ ఎర్గోస్టెరాల్‌ను పట్టుకొని శిలీంధ్రాలను అణచివేస్తుంది. ఎర్గోస్టెరాల్ లేని పిథియం, ఫైటాఫ్తోరాలు దానిపై పెరుగుతూనే ఉంటాయి. పొలంలో మందు విఫలం కావడానికి కారణమైన గుణమే ప్రయోగశాలలో జల్లెడగా ఉపయోగపడుతుంది.

పిథియమా, ఫైటాఫ్తోరానా అనేది తేల్చడానికి పాత్రను అరగంట శీతల పెట్టెలో ఉంచి బయటకు తీయాలి. ఫైటాఫ్తోరాలో సిద్ధబీజాశయం లోపలే గమన సిద్ధబీజాలు రూపొంది కొనభాగపు రంధ్రం గుండా బయటపడతాయి. పిథియంలో జీవపదార్థమంతా పలుచని బుడగలోకి ప్రవహించి, ఆ బుడగలో విడిపోయి, అది పగిలినప్పుడు చెదిరి ఈదుతుంది. ఇవేవీ కనిపించక, ఎరముక్కపై అడ్డుగోడలున్న సన్నని తంతువులు, కొడవలి ఆకారపు సిద్ధబీజాలు మాత్రమే పదేపదే వస్తూ, కుళ్ళు అంచు నుండి తీసిన కణజాలం కూడా అవే చూపితే, అప్పుడు కార్బెండజిమ్ పేరు సిఫారసు పత్రంలో రాయవచ్చు.